మెకానిక్ ముందు బుద్ధిగా ఉండే బండి

అసలే స్టార్ట్ కాని బండితో బతకొచ్చు. ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి ఇచ్చేసి దండం పెట్టొచ్చు. రోజూ స్టార్టయ్యే బండితోనూ బతకొచ్చు. అలాంటిదొకటి మన దగ్గరుందన్న సంగతే గుర్తుండదు. ఈ రెండూ కాక, ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుకుంటుందో చెప్పని బండి ఒకటుంటుంది చూశారూ, అది మనిషిని లోపల్నుంచి అరగదీస్తుంది. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనబడే రోజుల్లో, మెట్రో స్తంభాలు ఇంకా ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో, నా దగ్గర అలాంటి బండే ఉండేది.

పాత డీజిల్ వ్యాను. నా చేతికి రాకముందు ఏదో స్కూలుకు తిరిగిందట. నేను ఏడో తరగతిలో బడి మానేశాను గానీ నా బండి మాత్రం చాలా ఏళ్ళు బడికి పోయింది; మా ఇద్దరిలో చదువుకున్నది అదే. పసుపు మీద తెల్లరంగు కొట్టించాను. ఎక్కడ గీసుకుపోయినా లోపలి పసుపు తొంగిచూసేది.

మాదాపూర్ వైపున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పొద్దుటి షిఫ్టు వాళ్ళను చేర్చడం నా డ్యూటీ. నేనుండేది మధురానగర్‌లో, రెండు హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న రేకుల పోర్షన్‌లో. తెల్లవారుతుండగా ఇంటి ముందు బండి తీసి, హాస్టళ్ళ దగ్గర కొందర్ని, అమీర్‌పేట చౌరస్తాలో కొందర్ని, పంజాగుట్టలో మిగిలినవాళ్ళను ఎక్కించుకుని పోవాలి. మా నాన్న ఊళ్ళో మగ్గం వదిలేసి వచ్చి, అమీర్‌పేటలో మిషన్ కుట్టి మమ్మల్ని పెంచాడు. సూదిలో దారం ఎక్కించే ఓపిక కూడా లేక నేను స్టీరింగు పట్టుకున్నాను. ఈ ఆఫీసు డ్యూటీ దొరికాకే మా ఇంట్లో పొయ్యి వేళకు వెలగడం మొదలైంది. అది పోతే మళ్ళీ పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఎవరు పిలుస్తారా అని స్టాండులో ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. నేనలా చాలా ఈగలు తోలాను. ఇంక తోలే ఓపిక లేదు.

జబ్బు ఇలా ఉండేది. పొద్దున ఇంటి దగ్గర తాళంచెవి తిప్పగానే సెల్ఫ్ తిరిగి, బండి ఒక్క దగ్గు దగ్గి లేచేది. తర్వాత హాస్టల్ ముందు ఆపేవాణ్ణి. అక్కడ ఇంజను ఆపకపోతే పై అంతస్తు పెద్దాయన బనీను మీదే బాల్కనీలోకి వచ్చి తిట్టేవాడు. అమ్మాయిలు తడి జుట్టుతో, సగం కొరికిన బ్రెడ్డుతో వచ్చి ఎక్కేవాళ్ళు. మళ్ళీ తాళంచెవి తిప్పితే ఏమీ ఉండదు. ముందున్న ఎర్రదీపం వెలుగుతుంది, అంటే ప్రాణం ఉంది. కానీ సెల్ఫ్ ‘టిక్’ అని కూడా అనదు. మళ్ళీ తిప్పు, మళ్ళీ తిప్పు. ఒక్కోసారి విసిగి వదిలేసే ముందు లేచేది. ఒక్కోసారి తోస్తే తప్ప లేచేది కాదు. ఒక్కోసారి వారం పాటు ఏ గొడవా లేకుండా పరుగెత్తి, ‘పోయిందిలే పీడ’ అని నేను అనుకున్న మర్నాడే పంజాగుట్ట చౌరస్తాలో, బస్సులన్నీ వెనక నిలబడి హారన్లు కొడుతుండగా, కళ్ళు మూసుకునేది.

మొదట్లో అందరూ నవ్వుతూనే దిగి తోసేవాళ్ళు.

“దిగుండ్రి సార్, దిగుండ్రి. మీ ఆఫీసుల జిమ్ము పెట్టిండ్రంట గద, గిక్కడనే చేసి పోండ్రి,” అనేవాణ్ణి.

“నెలకోసారైతే జిమ్ము అన్నా. రోజూ అయితే కూలిపని,” అన్నాడు ఒకసారి మెడలో ఐడీ కార్డుతో వెనక నుంచి తోస్తున్నతను.

మెల్లమెల్లగా ఆ నవ్వు కూడా అరిగిపోయింది. ఒకప్పుడు నేనొక మాట అంటే వెనక సీటు దాకా నవ్వు పోయేది. తర్వాత ముందు సీటు దాకానే పోయేది. చివరికి నాకే వచ్చేది కాదు.

ఆఫీసులో బండ్ల సంగతి చూసే సారొకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా మనిషి. కేకలు వెయ్యడు, తిట్టడు, అందర్నీ ‘గారూ’ అనే పిలుస్తాడు. అలాంటివాళ్ళంటేనే నాకు భయం. ఒక బుధవారం గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

“ఏంటండీ డ్రైవర్ గారూ, మళ్ళీ లేటు?”

“సెల్ఫ్ పట్టలేదు సార్.”

“మొన్నా పట్టలేదన్నారు. అటు మొన్నా పట్టలేదన్నారు. ఏ రోజు పడుతుందో ముందే చెప్తే ఆ రోజే ఆఫీసు పెట్టుకుంటామండీ.”

నాకు నవ్వొచ్చింది. నవ్వితే డ్యూటీ పోతుందని మింగేశాను.

“వచ్చే సోమవారం నేనే అమీర్‌పేటలో ఎక్కి మీ పక్కన కూర్చుంటాను. దారిలో ఒక్కచోట తోయించారా, మంగళవారం నుంచి వేరే బండి మాట్లాడేస్తాను. ఏమనుకోకండే,” అని నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పి వెళ్ళాడు. మెత్తటి చెయ్యి. ఆ చెయ్యి బరువు సాయంత్రం దాకా భుజం మీదే ఉంది.

మా మెకానిక్ షెడ్డు పంజాగుట్ట వెనక, సోమాజిగూడ ఆస్పత్రుల వైపు పోయే సందులో. అతను వయసులో పెద్ద కాబట్టి నేను అన్న అంటాను. నేను బండి ఓనర్ని కాబట్టి అతనూ నన్ను అన్న అంటాడు. ఇద్దరం అన్నలమే, తమ్ముడి పని చేసేవాడు మాత్రం ఎవడూ లేడు.

ఆ బండికి అతను చెయ్యని వైద్యం లేదు. బ్యాటరీ టెర్మినళ్ళు గీకాడు. ఎర్త్ వైరు కొత్తది వేశాడు. సెల్ఫ్ మోటారు దింపి లోపలి కార్బన్లు మార్చాడు. ప్రతిసారీ అన్నీ బిగించి, సీట్లో కూర్చుని తాను తిప్పితే, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లంత బుద్ధిగా లేచేది.

“నా చేతిల ఎప్పుడన్న ఆగిందా అన్న? గిదో, మల్ల కొడుతున్న సూడు. గిదో. నీ మొకం సూస్తేనే దానికి నిద్రొస్తున్నట్టుంది.”

“నా మొకం సూసి మా ఇంటామెకు సుత నిద్రొస్తది. గని ఆమె పొద్దుగాల లేస్తది గదన్న.”

“జర మజాకులు ఆపు. ఇది వేడి బీమారి. ఇంటికాడ సల్లగున్నప్పుడు లేస్తది, నడిచి వేడైనంక పండుకుంటది. సెల్ఫ్‌కు వేడి తగుల్తది, అంతే. ఫికర్ చెయ్యకు.”

మాట సబబుగానే ఉంది. పొద్దుటి మొదటి స్టార్టు ఎన్నడూ తప్పలేదు మరి. సైలెన్సర్ గొట్టానికీ సెల్ఫ్‌కూ మధ్య ఒక రేకుముక్క అడ్డం పెట్టి పంపాడు. గురువారం వాన పడింది. బండి పైనుంచి కిందిదాకా తడిసి, ఐసుగడ్డలా చల్లబడి, అమీర్‌పేట చౌరస్తాలో నేను లేవనంది. వేడి బీమారి ఆ వానలోనే కొట్టుకుపోయింది. మోకాలి లోతు నీళ్ళలో తోశారు అందరూ.  ఒక్కరన్నా తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆవిడ మాత్రం వేరే సంగతి తేల్చింది.

“దిష్టి తగిలింది.”

“గా బండికా? దాన్ని సూసి దిష్టి పెట్టెటోడు ఎంత గతిలేనోడై ఉండాలె?”

“బండికి గాదు. నీ డ్యూటీకి.”

 స్టాండులో ఎంతమంది ఆ డ్యూటీ కోసం కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. ఆమె చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే కాళ్ళెత్తి పక్కకు జరిగాను.

అప్పటికి నేను బాగా అలిసిపోయాను. పని వల్ల కాదు, వినడం వల్ల. వీలైన చోటల్లా ఇంజను ఆపకుండానే నిలబెట్టేవాణ్ణి. పెద్దాయన బాల్కనీలోంచి తిడుతుంటే చేతులు జోడించేవాణ్ణి. చాయ్ తాగుతున్నా ఒక చెవి ఇంజను మీదే. ఆఫీసు దగ్గర మిగతా డ్రైవర్లు సీట్లు వెనక్కి వాల్చి, కాళ్ళు కిటికీలోంచి బయటపెట్టి షిఫ్టు అయ్యేదాకా నిద్రపోయేవాళ్ళు. నేను మాత్రం కాసేపటికొకసారి తాళంచెవి తిప్పి చూసుకునేవాణ్ణి. నిద్రలో కూడా నా కుడి మణికట్టు తిరుగుతోందని మా ఆవిడ చెప్పింది.

శుక్రవారం పొద్దున పంజాగుట్టలో ట్రాఫిక్ పోలీసు ఇంజను ఆపమని లాఠీతో బానెట్ మీద కొట్టాడు. ఆపాను. మళ్ళీ తిప్పాను. బండి చచ్చింది. ఈసారి నేను ఎవర్నీ దిగమనలేదు. తాళంచెవి అలాగే వదిలి, ఏ వైరూ ముట్టకుండా, సందులోకి పరుగెత్తాను. షెడ్డు ముందు బ్రష్షు నోట్లో పెట్టుకుని నిలబడ్డ మెకానిక్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

“ఎట్ల సచ్చిందో అట్లనే ఉన్నది. ఏం ముట్టలె. ఇయ్యాల సూడు దీని సంగతి.”

“నోరన్న కడుక్కోనియ్యవా? బండి సచ్చిందా, మనిషి సచ్చిండా?”

“సోమవారం వరకు మనిషి సుత పోతడు. ఎక్కు.”

ఇక్కడ నా తాళంచెవి గురించి చెప్పాలి. దాన్ని తాళంచెవి అనడం కష్టం. అది ఒక దేవుళ్ళ గుత్తి, దానికో మూల తాళంచెవి ఉండేది. మా బండిలో ఒక అలవాటు ఉండేది. ఎవరికైనా ఉద్యోగం ఖాయమైనా, పెళ్ళి కుదిరినా, మొక్కు తీర్చుకుని వచ్చినా బండిలో అందరికీ ప్రసాదం పంచి, నాకు మాత్రం అక్కడి దేవుడి బిళ్ళ ఉన్న కీచైన్ తెచ్చేవాళ్ళు. తిరుపతి వెంకన్న, షిర్డీ సాయి, యాదగిరిగుట్ట నరసింహస్వామి, అజ్మీర్ దర్గా పచ్చబిళ్ళ, వేళాంగణి మాత, ఇంకా నాకు పేరు తెలియని అరవ దేవుళ్ళు. ఆ రోజుల్లో ఉద్యోగాలు వచ్చినవాళ్ళు తక్కువ కాదు, మొక్కిన దేవుళ్ళూ తక్కువ కాదు. ఇత్తడీ, ఇనుమూ, గాజూ కలిసి ఒక గుప్పెట్లో పట్టనంత అయింది. స్టీరింగు పక్కనుంచి నా మోకాలి దాకా వేలాడేది. గతుకుల్లో గలగలమంటుంటే బండిలో చిన్న తిరునాళ్ళ జరుగుతున్నట్టుండేది. నాకు అది ఇష్టం. పదిమందికి మంచి జరిగిందని ఆ గుత్తే సాక్ష్యం.

మెకానిక్ సీట్లో కూర్చున్నాడు. ఎప్పటిలాగే గుత్తిని ఎడం అరచేతిలోకి ఎత్తాడు. కళ్ళకద్దుకున్నాడు. కుడిచేత్తో తాళంచెవి తిప్పాడు. బండి వెంటనే లేచింది.

బండిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. లేవకపోతే బాధ సరే, లేస్తే ఇంత బాధ ఉంటుందని అప్పుడే తెలిసింది.

“సూసినవా? నీతోనే ఉన్నది బీమారి,” అన్నాడు మెకానిక్ దిగుతూ.

అప్పుడు వెనక నుంచి ఒక గుంటూరు అమ్మాయి లేచింది. ఆమె పని టెస్టింగు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టాలి. ‘అంటే జీతమిచ్చి పెట్టుకున్న అత్తగారన్నమాట’ అని ఆమెను నేను మొదటి రోజు నుంచీ ఏడిపించేవాణ్ణి.

“అన్నా, ఆపేసి ఇప్పుడు మీరు తిప్పండి.”

“ఆపుడా? అమ్మా, లేసిన బండిని ఎవడన్న ఆపుతడా?”

“ఆయన ఇక్కడే ఉన్నారుగా. తిప్పండి.”

ఆపి, తిప్పాను. చచ్చింది. మెకానిక్ ఎక్కాడు, అరచెయ్యి, కళ్ళు, తాళంచెవి. లేచింది. ఆపి, నేను ఎక్కాను. చచ్చింది. వెనక బస్సులు మా అమ్మానాన్నల్ని తలుచుకుంటున్నాయి. మమ్మల్ని ఆపమన్న పోలీసే ఇప్పుడు తియ్యమని లాఠీ ఊపుతున్నాడు. ఆ అమ్మాయి మాత్రం మా ఇద్దరి చేతులనే చూస్తోంది.

“మీరిద్దరూ ఒకేలా చెయ్యట్లేదన్నా. ఆయన గుత్తి పట్టుకుంటున్నారు. మీరు వదిలేస్తున్నారు.”

“దేవుళ్ళమ్మా,” అన్నాడు మెకానిక్, తనను తప్పు పట్టినట్టు. “మోకాలి కాడ ఏలాడుతుంటే కాలు తగుల్తది. పాపం గాదా? పట్టుకోవాలె గద!”

“పొద్దున ఇంటి దగ్గర మీరెలా తిప్పుతారన్నా?” అని నన్నడిగింది.

ఎలా తిప్పుతాను? దీపం పెట్టిన గూట్లోంచి మా ఆవిడ గుత్తి తెచ్చిస్తుంది. ఎక్కి కూర్చుని, గుత్తిని కళ్ళకద్దుకుని, అరచేతిలో అలాగే పెట్టుకుని తిప్పుతాను. పొద్దున ఒక్కసారే. ఆ తర్వాత రోజంతా ఎవడికి తీరిక? ఎడం చెయ్యి గేరు మీద, కుడి చెయ్యి తాళంచెవి మీద, దేవుళ్ళు గాల్లో.

నేను గుత్తిని అరచేతిలోకి ఎత్తి తిప్పాను. లేచింది. బండిలో ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చో లేదో తెలియని సంగతి అది.

మెకానిక్ తల లోపలికి దూర్చి తాళంచెవి దూరే చోటును వేలితో కదిపాడు. ముసలివాళ్ళ పన్నులా ఊగింది. “స్విచ్చు మొత్తం అరిగింది అన్న. గీ బరువుకు కిందికి గుంజుతది, లోపల కరెంటు అంటుతలేదు. మీదికి లేపితే అంటుతది.”

“అంటే తప్పు దేవునిదా?”

“నేనట్ల అనలె. నా నోట అనిపియ్యకు.”

ఆ రోజు అందరూ లేటే. కానీ మధ్యాహ్నం షెడ్డులో కొత్త స్విచ్చు పడింది. ఇదీ అరిగిపోకుండా ఉండాలంటే ఇంక బరువు తగ్గించాలి. అదే కష్టమైంది.

“తియ్యన్న,” అన్నాను.

“నేను తియ్య. ఏడుకొండలోడిని నా చేతితోని తీసి పక్కకు పెట్టాల్నా? బండి నీది, నువ్వు తియ్యి.”

“నాది బండి. దేవుళ్ళను బండెక్కెటోళ్ళు ఇచ్చిండ్రు. అజ్మీర్ బిళ్ళ ఇచ్చిన సాబ్ రేపు బండెక్కి ఏది భాయ్ అంటే ఏమనాలె? ఎంకన్నను ఉంచి ఆయనను తీసిన అనాల్నా?”

ఇద్దరం గ్రీజు చేతులు తుడుచుకుంటూ ఆ గుత్తి ముందు చాలాసేపు కూర్చున్నాం. ఏ ఒక్క దేవుణ్ణి తీసినా తప్పే. అందర్నీ తీసినా తప్పే. చివరికి మెకానిక్కే దారి చూపించాడు. రింగును అరచేతిలో పట్టుకుని, ఒక్క బిళ్ళనూ కదపకుండా, దాని మీంచి నా తాళంచెవిని జారదీశాడు. దేవుళ్ళనుంచి తాళంచెవిని తీశాం గానీ, తాళంచెవినుంచి దేవుళ్ళను తియ్యలేదు. ఇద్దరికీ మనసు కుదుటపడింది. ఇంటికి తెస్తే మా ఆవిడ, “ఈళ్ళందరు ఇంట్ల కూసుంటే బండిని ఎవలు సూస్తరు?” అని, మా నాన్న నేసిన పాత తువ్వాల ముక్కలో గుత్తిని మూటకట్టి బండిలోనే సామాన్ల అరలో పెట్టించింది.

సోమవారం అన్న మాట ప్రకారం సారు అమీర్‌పేటలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ బాక్సు. ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. తిప్పాను, లేచింది. పంజాగుట్టలో నేనే కావాలని ఇంజను ఆపాను. వెనక ఎవరి గాజూ చప్పుడు చెయ్యలేదు. ఒక్క తాళంచెవి వేళ్ళ మధ్య ఎంత తేలిగ్గా ఉందంటే, తిప్పానో లేదో కూడా తెలియలేదు. లేచింది.

“బాగానే ఉందిగా,” అన్నాడు సారు. తర్వాత వంగి చూశాడు. “ఏంటండీ, తాళంచెవి బోడిగా ఉంది? బండి నడిపేవాళ్ళు అలా ఉంచకూడదు. ఉండండి.” జేబులోంచి బరువైన ఇత్తడి బిళ్ళ తీశాడు. “మా ఇంట్లోవాళ్ళు అన్నవరం వెళ్ళొచ్చారు.” అని తనే తాళంచెవి వైపు చెయ్యి చాచాడు.

“సార్!” అని అరిచాను. సారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుంటూరు అమ్మాయి దగ్గు మొదలుపెట్టింది. డ్యూటీ ఇచ్చే చెయ్యి, దేవుణ్ణి ఇచ్చే చెయ్యి ఒకటే అయితే కాదనడమెలా?

“అద్దానికి కడత సార్. తొవ్వ పొడుగున కండ్ల ముంగటనే ఉంటడు దేవుడు.”

“అదీ బాగానే ఉంటుందిలెండి,” అని సంతోషపడ్డాడు. వెనక దగ్గు ఆగిపోయింది.

ఆఫీసు గేటు దగ్గర అందరూ దిగి వెళ్ళాక సారు ఆగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పసుపు తొంగిచూస్తున్న చోట గోటితో గీకాడు.

“బండి మార్చక్కర్లేదండీ. ఉంచేద్దాం.”

“మెహర్బానీ సార్.”

“అన్నట్టు లక్డీకాపూల్‌లో మనవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ బండి మొన్నట్నుంచి స్టార్టవట్లేదట. మీది బాగైంది కదా, రేపట్నుంచి వాళ్ళనీ మీరే తెచ్చెయ్యండి.”

లక్డీకాపూల్ మాకు పూర్తిగా ఎదురు దిక్కు. అక్కడిదాకా పోయి, మళ్ళీ వచ్చి మధురానగర్‌లో మొదలుపెట్టాలంటే కోడి కంటే ముందు లేవాలి. అడుగుదామా అనుకున్నాను. సారు ముఖం చూస్తే నాకేదో బహుమానం ఇచ్చినట్టు ఉంది.

“సరే సార్,” అన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

“ఉన్నదా, పోయిందా?”

“ఉన్నది. మునుపటికన్న ఎక్కువనే ఉన్నది,” అని లక్డీకాపూల్ సంగతి చెప్పాను.

ఆమె గూట్లోంచి అలారం గడియారం తీసి, వెనక మర తిప్పి, ముల్లును ఇంకాస్త వెనక్కి జరిపింది. “తిని పండుకో,” అంది.